కొత్త లారీకి కొత్త డ్రైవరు

మా చిన్నాయన ఈ రోజు తిరుపతి షోరూములో పద్నాలుగు చక్రాల లారీ చూశాడు. ఏసీ క్యాబిను, సీటు వెనక పడుకోవడానికి పరుపు ఉన్న మోడలు. కొనాలా వద్దా తేల్చుకోలేక, ఏళ్ల తరబడి మా లారీ నడుపుతున్న మునిరత్నాన్ని వెంట తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను.

మునిరత్నం దాన్ని వడమాలపేట దాకా నడిపి వెనక్కి తెచ్చాడు. దిగి నవ్వుతూ చెప్పాడు.

"తీసుకోన్నా. స్టీరింగు ఏలితో తిరగతాది. పాత బండి తోల్తే వచ్చే నడుం నొప్పి దీంట్లో రానేలేదు. ఎంత దూరమైనా పోతాను."

చిన్నాయన అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేశాడు. కారులో పాకాలకు తిరిగొస్తుంటే అన్నాడు.

"దీనికి వయసు పిల్లోణ్ణి పెడతాండా మునిరత్నం. నడుం నొప్పని నువ్వే అంటివి గదా. పాతది అమ్మేస్తా, తాళాలు ఇచ్చేసి పో."

మునిరత్నం జేబులోంచి తాళాలు తీసి నా చేతికిచ్చాడు.

"ఈడ ఆపన్నా, బస్సులో పోతాను" అన్నాడు.

చిన్నాయన ఆపాడు. నేను తాళాలు జేబులో వేసుకున్నాను. సాయంత్రం ఇంట్లో కొత్త లారీ పేరు మీద మైసూరుపాకు పంచారు, రెండు ముక్కలు తిన్నాను. బాగానే ఉంది. మీరైతే తినేవాళ్లా?