కెటిల్ పట్టుకున్నవాడు

మా పిన్ని ముప్పై ఏళ్ళు కోర్టు గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని జనానికి అర్జీలు కొట్టిచ్చింది. వేళ్ళు వంకర్లు పోయాయి గానీ నోటి పదును తగ్గలేదు. ఆమె అన్న, అంటే మా మామయ్య, పందొమ్మిదేళ్ళకే సైన్యంలో వంటవాడిగా చేరి యుద్ధానికి వెళ్ళాడు. వంట డేరా మీద బాంబు పడి పోయాడని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు.

మొన్నామధ్య టౌన్‌హాల్లో యుద్ధం నాటి ఫొటోల ప్రదర్శన పెట్టారు. సైన్యంలో చేసినవాళ్ళ కుటుంబాలను గౌరవిస్తామన్నారు. మా అమ్మ మంచం పట్టి ఉంది, చూపు కూడా ఆనదు. "అన్నయ్య ఎక్కడైనా కనబడతాడేమో చూసి రావే" అని చెల్లెల్ని పంపింది. తోడుగా నేను వెళ్ళాను.

మైకులో చదివిన పేర్లలో మాది రాలేదు. సరేలెమ్మని ఫొటోలు చూస్తూ వెళ్తుంటే, మూడో గదిలో పిన్ని ఠక్కున ఆగిపోయింది. డేరా ముందు ఐదుగురు ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చున్నారు, కాళ్ళ దగ్గర ఒక కుక్క. ఓ చివర, కెటిల్ పట్టుకుని తల వంచుకున్న కుర్రాడు.

"వీడేరా! ఆ చెవులు మా నాన్నవే."

కింద ఐదుగురి పేర్లూ హోదాలూ రాశారు. కుక్క పేరూ రాశారు. మామయ్య పేరు లేదు.

నిర్వాహకుణ్ణి పిలుచుకొచ్చాను. ఆయన మర్యాదగానే చెప్పాడు: "మా దగ్గరున్నది పోరాడినవాళ్ళ జాబితా అమ్మా. వంటవాళ్ళ సంగతి వేరు."

"మరి బాంబు వేరుగా పడిందా నాయనా?"

ఆయన చేతిలోని జాబితా మడతపెట్టాడు. "రుజువు జతచేసి ఒక అర్జీ పెట్టుకోండి, చూద్దాం."

అర్జీ అనేసరికి పిన్ని హాలంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. అయినా ఇంటికొచ్చి కొట్టింది. పాత ఉత్తరం నకలు కూడా పెట్టింది.

నెల గడిచినా జవాబు లేదు గానీ, ప్రదర్శన పుస్తకం ఒకటి పోస్టులో వచ్చింది. ఫొటో ఉంది. పేజీలో పట్టడానికి చివర కత్తిరించారు. మామయ్యది ఒక చెయ్యీ, కెటిలూ మిగిలాయి.

"వచ్చిందా? ఏడీ, అన్నయ్య ఏడీ?" అమ్మ లేచి కూర్చుంది.

పిన్ని పుస్తకం తెరిచి అక్క ఒళ్ళో పెట్టింది. తర్వాత అక్క వేలు పట్టుకుని మధ్య కుర్చీలో ఉన్న ఆఫీసరు ముఖం మీద పెట్టింది. "ఇదిగో అక్కా. ముందు వరసలోనే కూర్చోబెట్టారు."

అమ్మ పుస్తకం ముక్కుకి ఆనించుకుని చూసింది. ఆ ముఖాన్ని వేలితో మెల్లగా నిమిరింది.

"ఒళ్ళు చేశాడే!" అంది సంబరంగా.

"అవునక్కా. తిండి బాగా పెట్టేవాళ్ళట."

పిన్ని నా వంక చూడలేదు.