పేరు చెప్పి చేసిన ప్రార్థన

కరోనా తగ్గి ఆసుపత్రులు మళ్ళీ దారిన పడ్డ ఏడాది, చంద్రపూర్‌లోని ఒక మిషన్ ఆసుపత్రిలో కౌన్సెలింగ్ విభాగానికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. ఇన్‌చార్జి అంటే పెద్ద కుర్చీ అనుకునేరు. ఉన్నవి రెండు గదులు. నా కింద ఇద్దరు కౌన్సెలర్లు, నా పైన ఆసుపత్రి కార్యదర్శి. మందులు రాసే అధికారం మాకు లేదు, అది మానసిక వైద్యుడిది. మా పని వినడం, విన్నది కడుపులో దాచుకోవడం. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఇంట్లో ఒకరికి, వైద్యుడికి చెప్పాలి. అంతకుమించి ఎవరి చెవినా పడకూడదు.

ఆ ఇద్దరిలో సామ్యేల్ చిన్నవాడు. భక్తి ఎక్కువ, పని కూడా బాగా చేసేవాడు. అతని దగ్గరికి బల్లార్‌పూర్ వైపు బొగ్గుగని నుంచి ఓదేలు వచ్చాడు. అసలు పేరు అది కాదు, నేను మార్చి చెబుతున్నాను. ఆయన మైనింగ్ సర్దార్. కార్మికులు పనిలోకి దిగేముందు కర్రతో గని పైకప్పు తట్టి, ఆ చప్పుడు విని, దాని కిందికి పోవచ్చో లేదో చెప్పేది సర్దారే. ఒకసారి కప్పు కూలి పక్కనున్న మనిషి పోయాడు. అప్పటినుంచి ఓదేలుకు నిద్ర లేదు, బతకాలన్న ఆశ కూడా సన్నగిల్లింది. సామ్యేల్ పద్ధతి ప్రకారమే ఆయన భార్యకు, వైద్యుడికి చెప్పాడు. మందులు మొదలయ్యాయి. మనిషి కొంచెం తేరుకుంటున్నాడు కూడా.

అంతలో గృహకూటం వచ్చింది. మా తెలుగు సంఘాల్లో వారం మధ్యలో ఎవరో ఒకరింట్లో కూడుకుని, కష్టంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థిస్తాం. పేరు చెప్పకుండా ప్రార్థించడమంటే మావాళ్ళకు అడ్రసు రాయకుండా ఉత్తరం వేసినట్టే. సామ్యేల్ కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కారుస్తూ, "చావాలని తలపోస్తున్న మా ఓదేలన్నను కాపాడు తండ్రీ" అన్నాడట. ఆమెన్ అన్నవాళ్ళలో చాలామంది ఆ గని కాలనీవాళ్ళే!

మర్నాడు పొద్దుటి షిఫ్టులో ఓదేలు కింద పనిచేసేవాళ్ళు లోపలికి దిగేది లేదన్నారు. "మనసు ఠికానా మీద లేనోడు కప్పు మంచిగున్నదంటే ఎట్ల నమ్ముతం?" అన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, ప్రాణాలు వాళ్ళవి. మేనేజరు ఓదేలును ఇంటికి పంపించాడు. ఆయన వచ్చీరాగానే లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. భార్య నాకు ఫోన్ చేసి, "మేడం, ఎంత పిలిచినా పలుకుతలేడు, జల్ది రాండ్రి" అని ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సామ్యేల్‌ను జీపులో ఎక్కించుకున్నాను గానీ దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిట్టేదాన్ని. తిడితే వాడు అక్కడ దేనికీ పనికిరాడు. వైద్యుడికి ఫోన్ చేశాను. అంబులెన్సును సైరన్ లేకుండా గల్లీ చివర నిలబెట్టించాను. అవసరమైతే తలుపు పగలగొట్టడానికి ఇద్దరు మనుషులను సిద్ధంగా ఉంచాను. ఓదేలు తమ్ముణ్ణి వెనక కిటికీ దగ్గర నిలబెట్టి, అన్న మీదినుంచి చూపు తిప్పొద్దన్నాను. "మంచం మీద కూసున్నడు" అని అతను చెప్పేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ముందుగదిలో సంఘమంతా మోకాళ్ళ మీద ఉంది. మధ్యలో పాస్టర్ అయ్యగారు. అందరూ గొంతెత్తి ప్రార్థిస్తున్నారు, మాటమాటకూ ఓదేలు పేరే. తలుపు అవతల ఏదో విసిరికొట్టిన చప్పుడైంది. "ఆపుండ్రి!" అని కేక వినిపించింది. వాళ్ళు దాన్ని సైతాను పని అనుకుని ఇంకా గట్టిగా అందుకున్నారు.

నేను అయ్యగారి పక్కన వంగి, అందరినీ బయటికి తీసుకుపొమ్మన్నాను.

"ప్రార్థన ఆపుమంటవా అమ్మా? నువ్వు విశ్వాసివేనా?" అన్నారు.

"దేవునికి చెవుడు లేదు అయ్యగారూ. లోపలున్నాయన మాత్రం మన గొంతులకు ఇంకింత పరేషాన్ అయితుండు."

ఆయన ముఖం ఎర్రబడింది. సంఘం ముందు ఒక ఆడమనిషి అంతమాట అనడం ఆయనకు చిన్న విషయం కాదు. నావైపే చూసి చూసి, బైబిలు మూసి లేచారు. "నడువుండ్రి, మందిరంల కూసుందాం" అన్నారు. మనసులోనే ఆయనకు దండం పెట్టుకున్నాను.

ఇల్లు ఖాళీ అయ్యాక తలుపు పక్కన నేలమీద కూర్చున్నాను. "ఓదేలన్నా, ఇప్పుడు చచ్చిపోవాలని ఉన్నదా?" అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. పుట్టదు. దాచుకున్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

"ఉన్నది" అన్నాడు లోపలినుంచి. తర్వాత, "నా పేరు చెప్పినోడు ఏడున్నడు?"

సామ్యేల్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, నీ మేలు కోరే..." అనబోతుంటే భుజం నొక్కి ఆపాను. అది క్షమాపణ కాదు, సంజాయిషీ. వాడికి అర్థమైంది. "తప్పు చేసిన అన్నా" అని ఊరుకున్నాడు. ఓదేలు బండబూతులు తిట్టాడు. వాడు తల వంచుకుని విన్నాడు. ఆ తిట్లు వింటుంటే నాకు కొంత ధైర్యం వచ్చింది. తిడుతున్నాడంటే ఇంకా మనతో మాట్లాడుతున్నాడన్నమాటే.

"పదిమంది ముందట నా ఇజ్జత్ తీసిండ్రు. గా పదిమంది ముందటనే మీ తప్పు చెప్తరా?"

"ఈ పిల్లగాని మీద ఇన్‌చార్జిని నేను. నేనే నిలబడి చెప్త" అన్నాను.

గడియ తీశాడు. ఆయన్ను వార్డులో చేర్చాం.

ఈ సంగతి విని కార్యదర్శి మండిపడ్డారు. ఆసుపత్రి పరువు పోతుందని, మందిరంలో నోరు విప్పితే నా ఉద్యోగం గురించి ఆలోచించాల్సి ఉంటుందని అన్నారు. యేసు శిష్యుల పాదాలు కడిగినట్టు పనిచేయాలని ఏటా మాకు శిక్షణ ఇప్పించేది ఆయనే మరి! "సరే సార్, ఆలోచించుకోండి" అని వచ్చేశాను. తర్వాత మెమో ఇచ్చారు, ఉద్యోగం మాత్రం తీయలేదు.

ఓదేలు ఇంటికొచ్చాక, వైద్యుడు సరేనన్న ఆదివారం నాడు సంఘం ముందు నిలబడ్డాను. "ఒక మనిషి మమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాటను మేం బయటపెట్టినం. పేరు చెప్ప. జవాబుదారీ నాది" అన్నాను. నేను పిలవకుండానే సామ్యేల్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

అయ్యగారు అలవాటు చొప్పున, ప్రార్థన విన్నపాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. అందరూ నేలచూపులు చూస్తున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఓదేలు లేచాడు.

"నా కోసం చెయ్యుండ్రి. ఓదేలు. ఈసారి నేనే చెప్తున్న" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మా విభాగానికి రాలేదు. వేరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాడు, అది ఆయన ఇష్టం. సామ్యేల్ మా దగ్గరే కొనసాగాడు. నేను రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పేదాన్ని: నమ్మి చెప్పిన మాట మన దగ్గర ఉంటుంది గానీ మనది కాదు. దాన్ని దేవుడి దగ్గరికి తీసుకుపోవాలన్నా నలుగురిలో నోరు విప్పేముందు ఆ మనిషిని అడగాలి.