డిఫరెన్సుకి అర్థం చెప్పిన మేష్టారు

మా ఇంగ్లీషు మేష్టారు మొన్న ఆదివారం పోయారు. ఆ కబురు నేను చెబితే రెంటచింతల బస్టాండులో ఒక్కడూ నమ్మలా. "ఏందిరా, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు టీకొట్టాయన. నా నోటికున్న పేరట్లాంటిది. చర్చి గంట మోగాకే అందరూ లేచారు.

ఎనిమిదిలో ఉండగా మేష్టారు నన్ను లేపి, "డిఫరెన్సంటే ఏందిరా?" అన్నారు.

"లారీ వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి డిప్ప సార్. ఆయిలు తగ్గకుండా చూసుకోవాల."

మా నాయనది లారీ షెడ్డు మరి, అక్కడ దాని పేరదే. క్లాసంతా ఒకటే నవ్వు. సాయంత్రం మేష్టారు షెడ్డుకొచ్చి, పంచె ఎగ్గట్టి లారీ కిందకి దూరారు. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలంటే ఇదుండాలని నాయన చూపిచ్చాడు. బయటికొచ్చేసరికి మేష్టారి తెల్లచొక్కా మా వాటికంటే నల్లగుంది. "నీ జవాబుకి సగం మార్కులురా" అన్నారు. ఇంగ్లీషులో నాకొచ్చినవి అయ్యే. మరుసటేడు బడి మానేశా.

నాయన పోయాక షెడ్డు మా అన్నా, నేనూ చూసుకున్నాం. ఒకరోజు బండ్లకి గ్రీజు కొట్టే గన్ను కనపళ్లా. నువ్వు పోగొట్టావంటే నువ్వని, షెడ్డు మధ్యలో అడ్డంగా రేకులు బిగించుకుని మాటలు మానేశాం. ఎవరన్నా అడిగితే "మాకు డిఫరెన్సులొచ్చినయ్" అనేవాళ్లం, పరువుగా ఉంటదని.

రిటైరయ్యాక మేష్టారు రోజూ వచ్చి, రెండు పక్కలకీ వినపడేట్టు రేకు చివర కుర్చీ వేసుకునేవారు. చిన్నప్పుడు ఫాదర్ల దగ్గర లాటిన్ చదివారాయన.

"ఒరేయ్, అది లాటిన్ నుంచొచ్చిన మాట. చెరో దిక్కుకి మోసుకుపోటం అని దానర్థం. గ్రీజు గన్ను కోసం దాన్ని వాడమాకండ్రా, మాటకి సిగ్గేస్తది."

"మరి కలిసి మోస్తే ఏమంటారు సార్?" అన్నా, ఇరికిద్దామని.

"అదే ఇంటిపేరున్న ఇంకో మాటుంది, కన్‌ఫర్. ఒకచోటికి మోసుకురావటం, అంటే కూర్చుని మాట్లాడుకోటం. అర్థమైందా?"

"నాకైంది సార్, ఆ పక్కోళ్లకి చెప్పండి."

రేకు అవతల దగ్గు వినపడింది.

మొన్న మేష్టారి శవపెట్టె మోయటానికి ఫాదరు "షెడ్డోళ్లు రండయ్యా" అన్నారు. ముందు ఎడమపక్క నేను, కుడిపక్క అన్న. ఆయన పొడుగు, నేను పొట్టి. పెట్టె నావైపు ఒరిగింది.

"ఎత్తరా!" అన్నాడన్న. ఇన్నేళ్లకి అదే మొదటి మాట.

"నువ్వే దించు, ఒంటె మాదిరి నిలబడ్డావ్!"

"మేష్టారు పడిపోతార్రా!"

"పడితే నీ మూలానే!"

"పెట్టె కింద కొట్లాటేందయ్యా?" అన్నారు వెనక మోసేవాళ్లు.

"కొట్లాట గాదండీ, కన్‌ఫరు" అన్నా.

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. పెట్టె ఊగింది. సమాధుల దొడ్డి దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, ఏడుస్తూనే ఉన్నాం. గ్రీజు గన్ను మాత్రం అన్నే పోగొట్టాడు.

పెట్టెకి వేసిన నల్లరంగు అప్పటికి ఆరలేదంట. నా చొక్కా కుడి భుజాన చార పడింది, పెట్రోలేసి రుద్దినా పోలా. ఇయ్యాల పొద్దున చూస్తే, రేకు చివర మేష్టారి కుర్చీ వీపుకి అన్న చొక్కా ఆరేసుంది. దానికి ఎడమ భుజాన చార. నాదీ తెచ్చి దాని పక్కనే ఆరేశా.