కరివేపాకు మహారాజు

ఆ రోజుల్లో, అంటే లోకమంతా తలుపులు బిగించుకుని కూర్చున్న ఆ కరోనా చలికాలంలో, నేను జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అద్దెకుంటూ పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో తిరుగుతుండేవాణ్ణి. చదివేది మెకానికల్. కానీ ఇంజనీర్లు కాస్త మనుషుల్లో పడాలని యూనివర్సిటీ వాళ్లు ఒక కళల కోర్సు తప్పనిసరి చేస్తే, నా వంతుకు ఆనాటి ఇంగ్లీషు రాజకీయ వ్యంగ్య చిత్రాలు వచ్చాయి. లాప్‌టాప్‌లో వాటిని చూస్తుంటే మైకం కమ్మేది. గుమ్మడికాయ పొట్టల రాజులు, పుల్లల్లాంటి కాళ్ల మంత్రులు, నోట్లోంచి బుడగల్లా తేలే మాటలు! ఆ అచ్చుబొమ్మల్ని దుకాణం కిటికీలో అంటిస్తే జనం వీధిలో మూగి తమ ఏలికల్ని చూసి నవ్వుకునేవారట. మా వీధిలో ఖాళీ ట్రాములు మంచులో మెల్లగా పోతుంటే, నేను ఆ గుంపులో నిలబడ్డట్టు కలలు కనేవాణ్ణి.

మా ఇంటికీ ఓ ఏలిక ఉండేవాడు, వరంగల్ అన్న. ఇల్లు ఆయన పేరున ఉంది. ఆయన దయవల్ల నేనూ, భీమవరం వాడొకడూ (ఊరందరికీ 'బావ') చెరో గదిలో ఉండేవాళ్లం. విమానాలు ఆగి ఇండియన్ షాపులో కరివేపాకు మాయమయ్యాక, ఫ్రీజర్‌లో మిగిలిన చివరి కట్టకు అన్న తాళం వేయడమొక్కటే తక్కువ. "పోపుకు ఒక్క రెమ్మనే తమ్మీ, మల్ల ఎప్పుడొస్తదో ఏమో" అనేవాడు.

ఒక ఆదివారం నాకు పూనకం వచ్చి ఓ బొమ్మ గీశాను. ఫ్రీజర్ సింహాసనం మీద డోలంత పొట్టతో అన్న, ఆయన చేతిలో ఒకే ఒక్క రెమ్మ, కింద గిన్నెలు చాచి దేబిరించే ప్రజలు. అడుగున 'కరివేపాకు మహారాజు' అని పేరు. అక్కడితో ఆగినా బాగుండేది. లండన్ మైకంలో దాన్ని మా గ్రౌండ్ ఫ్లోర్ వంటింటి కిటికీకి, వీధివైపు తిప్పి అంటించాను.

కాసేపటికే జనం చేరారు, మాస్కులతో, మీటరున్నర దూరం పాటిస్తూ. తెలుగు రాకపోయినా పొట్టకు భాష అక్కర్లేదు కదా! పైనింటి ముసలామె తన కుక్కకు కూడా చూపించింది. నేను మురిసిపోతుండగా గుంపు చివర సంచీతో అన్న కనిపించాడు. వెళ్లగొడితే ఆ లాక్‌డౌన్‌లో గది ఎవరిస్తారు? నా ఆన్‌మెల్డుంగ్, అదే ఊళ్లో ఉంటున్నట్టు సర్కారు దగ్గర చేయించుకునే నమోదు, అది కూడా ఆ ఇంటి చిరునామా మీదే. మాస్కు పైన కళ్లే కనిపిస్తున్నాయి, నవ్వుతున్నాడో పళ్లు నూరుతున్నాడో తెలిసి చావదు.

లోపలికొచ్చి తీరిగ్గా బూట్లు విప్పాడు. "గీసినోడు ఎవడు?"

"నేనే అన్నా. సారీ అన్నా."

"నాకేం తెలీదండీ" అని నా వెనకనుంచి బావ.

అన్న మాస్కు తీశాడు. "మహారాజు అని రాస్తివి, నెత్తిమీద కిరీటమేదిరా? గా ముసలమ్మ వంటోడా అని అడుగుతాంది!"

కిరీటం గీశాను. ఆ పూట పప్పులో ఏకంగా గుప్పెడు కరివేపాకు పడింది, బొమ్మ అన్న గది గోడకెక్కింది. అలిగిందల్లా బావ. "ఇంత ముక్కు పెట్టుకున్నాను, కనబళ్లేదంట్రా నీకు? కింద అడుక్కునేవాళ్లలోనైనా ఒకడిగా వెయ్యొచ్చుగా!" అని ఎన్నాళ్లో నాతో సరిగా మాట్లాడలేదు. ఆ కాలపు మంత్రుల్లోనూ బొమ్మకెక్కనివాళ్లే ఎక్కువ నొచ్చుకునేవారని మా ప్రొఫెసరమ్మ చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది.

ఇప్పుడు బ్రెమెన్ ఆఫీసులో నా కింద నలుగురు కుర్రాళ్లున్నారు. పొట్ట కూడా వచ్చింది. సెలవులు రెమ్మ రెమ్మగా విదిలిస్తానని వెనకాల గొణుక్కుంటారట. సాయంత్రం ఇంటికెళుతూ వాళ్ల గది కిటికీ వంక ఓసారి చూస్తాను, ఏమైనా అంటించారేమోనని. ఇంతవరకూ ఏమీ లేదు. కిరీటం లేకపోయినా నేనేమీ అనుకోను.