పుష్యంలో పడుకోబెట్టిన కారు

2003 డిసెంబరు. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద నాకొక రేకుల షెడ్డు ఉండేది. మఠంపల్లి వైపు నుంచి సున్నపురాయి దుమ్ము మింగిన జీపులు, మిర్యాలగూడ మిల్లుల లారీలు, అప్పుడప్పుడు ఒక కారు రిపేరుకు వచ్చేవి. ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంటి ముందుకొచ్చే రోజులు కావవి. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ట్రాక్టరో, కారున్న మారాజో దిక్కు.

మఠంపల్లి దగ్గరి ఒక ఊరి పెద్ద రైతు నాకు పాత గిరాకీ. అందరూ ఆయన్ను పటేల్ అనేవారు, ఇక్కడ నేనూ అదే అంటాను. సంవత్సరం చివర షోరూము వాళ్ళు ధర తగ్గిస్తున్నారని ఆయన హడావిడిగా కొత్త కారు కొన్నాడు. ఇంటికి తెచ్చాక పుష్యమాసం ముందుందని గుర్తొచ్చింది. అది శూన్యమాసం, కొత్త పనికి పనికిరాదు, పూజ, మొదటి ప్రయాణం మాఘంలో పెట్టుకోమన్నారు పూజారి అయ్యగారు. తగ్గింపూ కావాలి, ముహూర్తమూ కావాలి. అవ్వా కావాలి బువ్వా కావాలంటే మధ్యలో నాకు కబురొచ్చింది.

"వారానికొక్కపారి స్టార్ట్ చేసి బందువెడితే సాలు పటేలా, బండికేం కాదు" అన్నాను.

"సప్పుడు గూడ రావొద్దు మేస్త్రీ. మంచిదినం దాక తాళం తిప్పేదే లేదు. నువ్వేం జేస్తవో చెయ్" అన్నాడు.

సరే, కారును పడుకోబెట్టాను. ఎక్కువ రోజులు కదలని బండికి చేసే పనిని మా షెడ్లలో అలాగే అంటాం. ట్యాంకు నిండా డీజిల్ పోయించాను, ఖాళీ ఉంటే లోపల చెమ్మ పడుతుంది. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టాను, లేకపోతే నేలకు ఆనినచోట చదునవుతాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే చలికి, తేమకు లోపల అతుక్కుపోతుంది కాబట్టి దాన్ని దించి చక్రాలకు రాళ్ళు పెట్టాను. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కాను. చివరగా బ్యాటరీ దిగిపోకుండా టెర్మినల్, అంటే బ్యాటరీకి వైరును పట్టి ఉంచే బిగింపు, ఊడదీశాను. పది నంబరు పానాతో ఒక్క నట్టు వదులు చేస్తే అది చేతికొస్తుంది.

పటేల్‌ను బానెట్ దగ్గరికి పిలిచి చూపించాను. "అర్జంటు పని వడితే రాళ్ళు జరిపి, గుడ్డ గుంజి, గీ నట్టు బిగియ్యిండ్రి. బీడీ తాగినంత సేపు గూడ వట్టదు" అన్నాను. చేతిలోకి పానా తీసుకుని తనే ఒకసారి బిగించి చూశాడు, మళ్ళీ వదులు చేశాడు. ఈ సంగతి పాఠకులు మరిచిపోవద్దు. నేనైతే మరిచిపోలేదు.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం సైదులు నా షెడ్డుకొచ్చాడు. పటేల్ ఊరివాడే. గొర్లు కాస్తాడు, పని దొరికితే భార్య మల్లమ్మతో కలిసి కూలికి పోతాడు. అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, పటేల్ కారు ఇంజన్ నీ తాననే ఉన్నదా?" అన్నాడు.

"ఏ ఇంజన్?"

"నువ్వు దించుకొచ్చినవట గద. గది ఎందుకు దించినవో అడుగుదామని వచ్చిన."

నాకు అర్థం కాలేదు. అతను నిలబడే చెప్పాడు.

"పటేల్ కళ్లంల వరి నూర్పిడి అయితున్నది. మా మల్లమ్మ మోపు అందిస్తుంటే చెయ్యి మిషన్ల వడ్డది. తువ్వాల సుట్టి ఉరికిన. బండియ్యి పటేలా, దవాఖానకు తీస్కపోత అన్న. ఇంజన్ మేస్త్రీ దించుకపోయిండు, కారు నడవదన్నడు. ట్రాక్టరున్నది గని ట్రక్కు నిండ వడ్లున్నయి. అవి దించేదాక ఆగినం. దాంట్లనే పండవెట్టుకొని కోదాడ వచ్చినం. ఈడ కాదు హైదరాబాద్ వొమ్మన్నరు. జర ముందుగాల తెస్తే చెయ్యి నిలుపుతుంటిమి అన్నరు ఆడ. మోచెయ్యి కిందికెల్లి తీసేసిన్రు."

నాకు ఒళ్ళు మండింది. మల్లమ్మ ఆయన కళ్లంలో, ఆయన వడ్ల కోసం చెయ్యి పోగొట్టుకుంటుంటే, పటేల్ గేటులోపల నిండు ట్యాంకుతో నిలబడ్డ కారును దాచుకున్నాడు. దాచుకుని నా పేరు చెప్పాడు. కొత్తబండిలో నెత్తురు పడితే అరిష్టమని భయపడ్డాడు కాబోలు. ఆ సీట్లకు షోరూము వాళ్ళు వేసిన పాలిథిన్ కవర్లు కూడా తీయలేదప్పటికి. నెత్తురు పడినా తడిగుడ్డతో తుడిస్తే పోయేది.

ఉన్నదున్నట్టు సైదులుకు చెప్పాను. నేను స్కూటర్ తీశాను, అప్పుడే పోయి ఆయన గల్లా పట్టుకోవాలని. సైదులు హ్యాండిల్ పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు వోతే మనిద్దరినే తిట్టి ఎల్లగొడ్తడు. మంచిరోజుకు నిన్ను ఎట్లన్న పిలుస్తడు గద. గప్పుడు నేను గూడ వస్త."

మాఘంలో పిలుపు రానే వచ్చింది. సైదులును వెంటబెట్టుకుని పోయాను. కారుకు మామిడాకులు, బంతిపూలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఊరు సగం అక్కడే ఉంది. అయ్యగారు మంత్రాలు మొదలుపెట్టారు. జనం చివర మల్లమ్మ నిలబడి ఉంది, కుడిచేతి మీద కొంగు కప్పుకుని.

"ఇగ కానియ్ మేస్త్రీ" అన్నాడు పటేల్.

నేను బానెట్ ఎత్తి, పానా సైదులు చేతిలో పెట్టాను. "నువ్వు బిగియ్" అన్నాను.

"వాడెందుకు?" అన్నాడు పటేల్.

"నేను విప్పింది గిదొక్కటే పటేలా. ఇంజన్ ఈడనే ఉన్నది, నేనేం తీస్కపోలె. నీకు సూపించిన, నీ చేత్తోటి బిగించి సూసినవ్ గూడ" అన్నాను, అందరికీ వినపడేట్టు.

సైదులు జీవితంలో కారు బానెట్ లోపలికి చూసి ఉండడు. టెర్మినల్ చూపించాను. నట్టు తిప్పాడు, ఆగిపోయేదాకా తిప్పాడు. నేను సైలెన్సర్ గుడ్డ లాగి, రాళ్ళు జరిపి, తాళం తిప్పాను. మొదటి తిప్పుకే స్టార్టయింది. అయ్యగారు ఇంకా అదే మంత్రంలో ఉన్నారు.

సైదులు పానా వైపు చూశాడు. "గింతేనా అన్నా?" అన్నాడు.

"గింతే."

అయ్యగారు మంత్రం ఆపి అసలేమైందని అడిగారు. మల్లమ్మ కొంగు తీసి చేయి చూపించింది. "మనిషి ప్రాణం మీదకొస్తే శూన్యమాసం అడ్డమొస్తుందా? నన్నొక్క మాట అడిగితే నేనే బండి తీయమనేవాణ్ణి కదండీ" అన్నారాయన. మంచిపూట లొల్లి వద్దని గొణుగుతూ పటేల్ కారెక్కాడు. నిమ్మకాయలు చితికాయి, కారు గేటు దాటింది. ఆయన మల్లమ్మ వైపు చూడలేదు. తర్వాత ఆ కారు నా షెడ్డుకు ఎన్నడూ రాలేదు, వచ్చినా ముట్టేవాణ్ణి కాదు.

చేయి తిరిగి రాలేదు. ఆరోజు ఆయన నలుగురిలో సిగ్గుపడ్డాడేమో, దానివల్ల మల్లమ్మకు ఒరిగిందేమీ లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం దిగడం లేదు.

బండిని నెలా రెండు నెలలు కదిలించేది లేదనేవాళ్ళు నన్ను ఇంకా పిలుస్తుంటారు. పద్ధతి అంతా అదే, డీజిల్, గాలి, రాళ్ళు, గుడ్డ. టెర్మినల్ విప్పే ముందు మాత్రం ఆ ఇంటి జీతగాణ్ణి, బాసండ్లు తోమే ఆమెను, పొలం నుంచి వచ్చిన కూలీలను, ఎవరుంటే వాళ్ళను బానెట్ దగ్గరికి పిలుస్తాను. "సూడుండ్రి, గిది విప్పితే బండి పండుకుంటది, బిగిస్తే లేస్తది" అని ఒక్కొక్కరి చేతా పానా తిప్పిస్తాను. పానా ఆ ఇంట్లోనే, అందరికీ కనపడేచోట మేకుకు తగిలించి వస్తాను.

ఓనర్లకు ఇది నచ్చదు. "వాళ్ళకెందుకు మేస్త్రీ, నాకు చూపిస్తే చాలదా?" అంటారు.

ఓనరుకు ఒకసారి చూపించాను.