మిషన్ తాగే నీళ్లు

ఆవిరి ఇస్త్రీ మిషన్ కొనాలన్న బుద్ధి మా అమ్మకు బెంగళూరులో పుట్టింది. కోయిలకుంట్లలో మాది చీరల అంగడి. సరుకు కోసం నాన్న బెంగళూరు పోతుంటే ఆ సారి అమ్మ కూడా బయలుదేరింది, ఆమె వెంట నేనూ పడ్డాను. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అక్కడొక పెద్ద అంగట్లో సేల్స్‌మన్ ఒకాయన నలిగిపోయిన పట్టు చీర మీద ఆ మిషన్‌ను అట్లా నడిపించాడు. నీళ్లు చిలకరించే పని లేదు, కాలిన వాసన లేదు, చీర సాపుగా పడుకుంది. అమ్మ నోరు తెరుచుకుని చూసింది.

మా అంగడికి వచ్చే ఆడవాళ్లు రోజంతా చీరలు విప్పించేవాళ్లు. భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని, రంగు బాగలేదని పక్కన పడేసి పోయేవాళ్లు. అట్లా నలిగిన చీరలన్నీ సాయంత్రానికి మూటలుగా ఇంటికొచ్చేవి. వాటిని ఇస్త్రీ చేసి, మడతలు సరిచేసి, మళ్లీ కొత్త చీరల్లాగా పంపించడం మా అత్త పని.

అత్త అంటే నాన్నకు అక్క. పెళ్లయిన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. తాత పోయాక ఇల్లు నాన్నదయింది, ఇంట్లో మాట అమ్మదయింది, అత్తకు ఇస్త్రీ పెట్టె మిగిలింది.

బెంగళూరు అంగట్లో రెండు రకాల మిషన్లు చూపించారు. ఒకటి చిన్నది, నీళ్లు పెట్టెలోనే పోయాలి. రెండోదానికి నీళ్ల తొట్టి వేరే, చేత్తో పట్టుకునే పెట్టె వేరే, రెండింటికీ మధ్య లావాటి గొట్టం. నాన్న చిన్నది చాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"చిన్నదైతే మాటిమాటికీ నీళ్లకని లేస్తా మీ అక్క పొద్దు పుచ్చుతాది. పెద్దదైతే పొద్దున పోస్తే మధ్యాన్నం దాకా లేచే పనుండదు" అంది.

నాన్న పెద్దదే తీసుకున్నాడు. సేల్స్‌మన్‌ది హిందూపురం వైపు. మేము యాడోళ్లమో అడిగి తెలుసుకుని, బిల్లు రాసేముందు అమ్మ వైపు తిరిగి చెప్పాడు. "అమ్మా, ఒకటే మాట. మన సీమ బోరు నీళ్లు దీంట్లో పోయొద్దు. ఉప్పంతా లోపల గట్టిపడిపోతాది, మిషన్ పనికిరాకుండా పోతాది. ఫిల్టర్ నీళ్లే పోయండి."

అమ్మ తలాడించింది. మహానందిలో పూజారి చెప్పే మాట కూడా ఆమె అంత భక్తిగా విని ఎరగను.

ఇక్కడ మా ఇంటి నీళ్ల సంగతి చెప్పాలి. పెరట్లో బోరుంది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ఎండిన బిందె అడుగున తెల్లగా అట్ట కడుతుంది. కొళాయి ఎప్పుడొస్తుందో కొళాయికే తెలియదు. ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు పెట్టాక ఆటోలో క్యాన్లు రావడం మొదలైంది. మేమూ రోజుకొక క్యాన్ వేయించుకునేవాళ్లం. అది అమ్మకూ నాన్నకూ నాకూ, అంగడికొచ్చే గిరాకీలకూ. చీర చూపించకముందే చల్లటి నీళ్లియ్యాలని నాన్న నియమం. అత్త మాత్రం బోరు నీళ్లే తాగేది. "ఆమెకు పుట్టినకాడి నుంచి అలవాటే కదా" అనేది అమ్మ.

మిషన్ కొనడానికి ముందు వేసవిలో అత్త ఒకరోజు పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయింది. నడుము కర్రలాగా బిగుసుకుపోయింది. నాన్న ఆమెను కర్నూలు తీసుకుపోయాడు, సాయంగా నేనూ పోయాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడిగాడు. నాన్న చెప్పాడు.

"ఫ్లోరైడ్. ఎముకలు గట్టిపడిపోతున్నాయి. దీనికి మందు లేదు, నీళ్లు మార్చడమే మందు. ఇక బోరు నీళ్లు చుక్క ముట్టకూడదు. తాగితే నడుము వంగిపోతుంది, ఇక తిరిగి లేవదు" అన్నాడు డాక్టరు.

బస్సెక్కేముందు నాన్న అత్తకు సోడా కొనిచ్చాడు. అత్త పెదవి తగలకుండా, సీసా ఎత్తి గొంతులో పోసుకుంది. ఎంగిలి విషయంలో ఆమె అంత పట్టింపు మనిషి. ఒకరి పెదవి తగిలిన గ్లాసు ఆమె ముట్టదు, కొరికిన పండు తినదు. నా చిన్నప్పుడు సగం కొరికిన జామకాయ ఆమె నోట్లో పెట్టబోతే నవ్వుతూనే మొహం తిప్పుకుంది. నేనంటే ప్రాణమే, అయినా తినలేదు.

ఇంటికొచ్చాక అమ్మకు సంగతి చెప్పారు. "మందులేమీ రాయలేదా? నీళ్లు రాసినాడా?" అని అమ్మ నవ్వింది. "ఇంకొక క్యాన్ వేయించుకుంటే దాన్ని యాడ పెట్టాల? ఈ ఇంట్లో కాలు పెట్టే చోటుండాదా?"

నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించుకుంటూ ఉండిపోయాడు. అత్త మళ్లీ అడగలేదు. అడగలేని మనిషి కాదు, ఒకసారి లేదనిపించుకున్నాక రెండోసారి నోరు తెరవని మనిషి.

మా అమ్మ చెడ్డది. ఈ మాట రాయడానికి నాకేమీ మొహమాటం లేదు. నాన్న చెడ్డవాడు కాడు. కానీ ఆయన మంచితనం వల్ల మా ఇంట్లో ఎవరికీ గుక్కెడు నీళ్లు దొరకలేదు.

అట్లాంటి ఇంటికి బెంగళూరు నుంచి మిషన్ వచ్చింది. మరుసటి రోజు పొద్దున ఆటోవాడు రెండు క్యాన్లు దించాడు. ఒకటి మాకు, ఒకటి మిషన్‌కు. పెట్టడానికి చోటు కూడా దొరికింది. అమ్మ మంచం పక్కనే, గోడవారగా, మూత మీద గుడ్డ కప్పి మరీ పెట్టింది.

అత్త ఆ రెండో క్యాన్‌ను చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "డాక్టరు చెప్పింది ఎవరికి, నువ్వు తెప్పించింది ఎవరికి?" అని అమ్మను అడిగాను. "మిషన్ చెడిపోతే నువ్వు కొనిస్తావా?" అంది. అత్త చెడిపోతే ఎవరు కొనిస్తారని నేనడిగాను. వీపు మీద ఒకటి పడింది.

రోజూ పొద్దున అమ్మ తన గదిలోని క్యాన్ నుంచి పెద్ద ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టి అత్త చేతికిచ్చేది. అత్త దాన్ని మిద్దె మీది గదికి తీసుకుపోయి తొట్టిలో పోసుకునేది. అక్కడ టేకు బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసేది. మిషన్‌ను తొందరగానే పట్టుకుంది. పట్టుకు ఎంత ఆవిరి పెట్టాలో, జరీ దగ్గర పెట్టెను ఎట్లా తేలించాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. వేసవిలో ఆ గది ఆవిరితో ఉడికిపోయేది. ఆమె చెమటలు కారుతూ నిలబడేది, తొట్టిలో ఫిల్టర్ నీళ్లు కుతకుతమనేవి.

కొన్ని నెలలకు అత్తలో మార్పొచ్చింది. మిద్దె మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కుతోంది. కింద కూర్చుని లేచేటప్పుడు మూలగడం లేదు. "చూసినావా, మిషనొచ్చినాక మీ అత్తకు పని తగ్గింది, నొప్పులు పోయినాయి" అని అమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి పైకి పోయాను. అత్త చెంబు ఎత్తి, కళ్లు మూసుకుని, ఆగకుండా గొంతులో పోసుకుంటోంది. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మూలనున్న బకెట్‌లోంచి బోరు నీళ్లు ముంచి మిషన్ తొట్టిలో పోసింది. తిరిగి చూస్తే గుమ్మంలో నేనున్నాను.

"తియ్యగుండాయి పాపా" అంది. అంతే.

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. అమ్మను ఎవరో ఓడించినట్టనిపించింది. ఆ రోజు నుంచి అత్త పైకి పోగానే మెట్ల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ వస్తుంటే గట్టిగా చదివేదాన్ని. ఈ పిల్లకు చదువు మీద ధ్యాస కలిగిందని అమ్మ మురిసిపోయేది.

మిషన్ పాపం చాన్నాళ్లు ఓర్చుకుంది. కడప నుంచి ఒక పెళ్లివారు మీగడ రంగు పట్టు చీర ఎంచుకుని, ఇస్త్రీ చేయించి పెట్టమని, సాయంత్రం వచ్చి తీసుకుపోతామని చెప్పి పోయిన రోజున అది దగ్గింది. ముందు బుస్సుమంది. తర్వాత తుప్పు రంగు నీళ్లు, వాటితో తెల్లటి పలుకులు, చీర నడిమధ్యలో కక్కింది. అమ్మ అరుపుకు వీధిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పెళ్లివారు వచ్చి చీర చూసి, ఇంకో మాట మాట్లాడకుండా పక్క అంగడికి పోయారు.

అమ్మ మొదట మిషన్ చేసినవాళ్లను తిట్టింది, తర్వాత అమ్మినవాణ్ని తిట్టింది. నంద్యాల నుంచి మెకానిక్ వచ్చాడు. తొట్టి అడుగున మర ఊడదీసి బోర్లించాడు. పెంకుల్లాంటి తెల్లటి అట్టలు వరండా బండల మీద గలగలా రాలాయి.

"బోరు నీళ్లు పోసినారమ్మా" అన్నాడు.

"లేదప్పా! నా చేత్తో నేనే రోజూ క్యాన్ నీళ్లిస్తాండా" అంది అమ్మ.

"మీరిస్తాండారు. దీనికి మాత్రం అందలేదు" అన్నాడు అతను, అట్టలను కాలితో పక్కకు తోస్తూ.

అమ్మ మెల్లగా అత్త వైపు తిరిగింది. అత్త తల దించుకోలేదు. "నేనే తాగినాను" అంది.

"మిషన్‌కు పోసే నీళ్లు తాగేదానికి సిగ్గులేదా వదినె నీకు?"

"నడుము నొప్పి తగ్గిందమ్మా" అంది అత్త. తప్పు ఒప్పుకునే గొంతు కాదు అది. విషయం తెలిస్తే వీళ్లు కూడా సంతోషిస్తారని నమ్మిన గొంతు. ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

నాన్న కిందికి వంగి ఒక అట్టముక్క తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. నలగలేదు. అక్క ఎముకల్లో కూడా ఇట్లాగే గట్టిపడి పేరుకుందని ఆయనకు ఆ క్షణంలోనైనా తట్టి ఉంటుందని ఆశపడ్డాను. ఆయన మెకానిక్ వైపు తిరిగి, "బాగవుతాదా?" అని అడిగాడు.

"నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి నానబెడితే కరిగిపోతాది సార్. మిషన్‌కేం కాదు" అన్నాడు మెకానిక్.

నాన్న హమ్మయ్య అనుకున్నాడు. ఆ రోజంతా మిషన్ నిమ్మ ఉప్పు నీళ్లు తాగి పడుకుంది. అత్తకు అన్నం పెట్టడం అమ్మ మర్చిపోయింది, నేను పెట్టాను.

మరుసటి రోజు పొద్దున అమ్మ ఎప్పటిలాగానే చెంబు నిండా నీళ్లు పట్టింది. అత్త చెయ్యి చాచింది. అమ్మ ఇవ్వలేదు. అత్త కళ్లలోకి చూస్తూ చెంబు అంచుకు పెదవులు ఆనించి, ఒక గుక్క చప్పరించి తాగి, అప్పుడు చేతికిచ్చింది.

"మిషన్‌కు ఎంగిలి పట్టదులే వదినె, పోసుకోపో."

అత్త మొహం పాలిపోయింది. ఆ చెంబును ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని మెట్లెక్కింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అదే తంతు. పాలు తాగినంత మామూలుగా అమ్మ ఒక గుక్క తాగడం, చెంబు చేతికివ్వడం. ఒక ముసలి మనిషి పట్టింపును తాళంకప్పగా వాడుకోవచ్చని ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. అంత తెలివైన మనిషి ఆ తెలివిని ఇంకోదానికి వాడి ఉంటే మా అంగడి నాలుగు ఊళ్లకు పాకేది.

మా క్యాన్ నుంచి నేనొక గ్లాసు దాచి పైకి తీసుకుపోతే అత్త ముట్టలేదు. "వద్దు పాపా. మీ అమ్మ చూస్తే నిన్ను చదువు మాన్పిస్తాది" అంది. అమ్మ నిజంగానే ఆ మాట అని ఉంది. నాన్న దగ్గరికి పోయి కొట్లాడాను. "మీ అమ్మకు చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు. ఆ ఏడే డిగ్రీకని నన్ను కర్నూలు హాస్టల్లో వేశారు. అక్కడ కావలసినన్ని మంచినీళ్లు. మొదటి రోజుల్లో గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే తాగబుద్ధయ్యేది కాదు.

మళ్లీ వేసవి సెలవులకు ఇంటికొస్తే గుమ్మంలో అత్త ఎదురొచ్చింది. తల ఎత్తలేక మెడ పక్కకు తిప్పి, కింది నుంచి నన్ను చూసి నవ్వింది. నడుము వంగిపోయింది. డాక్టరు చెప్పిందంతా చెప్పినట్టే జరిగింది. నేను ఆమెను పట్టుకుని ఏడుస్తుంటే, "ఊరికే ఉండు పాపా, నొప్పేం లేదు" అని నా వీపు నిమరబోయింది. చెయ్యి అంతెత్తు రాలేదు.

మిషన్ మాత్రం దివ్యంగా ఉంది. నిమ్మ ఉప్పుతో కడిగినప్పటి నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు.

వచ్చిన ఇబ్బందల్లా ఒకటే. వంగిన మనిషికి బల్ల ఎత్తయిపోయింది. పెట్టెను చీర అవతలి అంచు దాకా తోయలేకపోతోంది. మడతలు వంకర పోతున్నాయని అమ్మ రోజూ సణిగేది. నాన్న ఆలోచించి వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి అత్తను బల్ల పక్కన నిలబెట్టి, ఆమె మోచేతికి సరిగ్గా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, బల్లను పక్కకు పడుకోబెట్టి నాలుగు కాళ్లూ ఆ మేరకు కోసేశాడు. నాన్న బల్లను లేపి నిలబెట్టి, కదులుతోందేమోనని ఊపి చూశాడు.

"ఇప్పుడందుతాందా అక్కా?"

అత్త బల్ల మీద అరచెయ్యి పరిచి అటు చివర దాకా జరిపింది. "అందుతాందప్పా. శానా బాగుండాది" అంది.

ఆ మాటలో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే సంతోషపడింది.

సంగతి వీధంతా పాకింది. అక్కనింత బాగా చూసుకునే తమ్ముడు ఈ కాలంలో యాడుంటాడప్పా అని అంగడికొచ్చినవాళ్లు నాన్నను పొగిడారు. నాన్న మొహమాటంగా నవ్వి, వాళ్లకు చల్లటి నీళ్లు తెప్పించాడు.

మరుసటి ఏడు ఆ బల్ల కాళ్లు మళ్లీ కోయించాల్సి వచ్చింది.