రంపానికి కట్టిన నిమ్మకాయ

రంపం ఎగిరి మీదికొస్తే నిమ్మకాయ ఆపుతుందా, చెప్పండి?

గిద్దలూరు బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒడిలో చెట్లు కోసే మోటారు రంపం ఉంది. రంపం ఎగిరినప్పుడు చేయి తగిలి చైను ఆగిపోయేలా దానికి ముందువైపు బ్రేకు ఉంటుంది. అతను ఆ బ్రేకును కదలకుండా పిడికి అదిమి, నిమ్మకాయ గుచ్చిన నల్లతాడుతో బిగించి కట్టేశాడు.

"ఇదేంది తమ్ముడూ?" అన్నాను.

"దిష్టికి, అన్నా. పోయినేడు ఈ రంపమే మా బామ్మర్ది తొడ కోసింది."

"అప్పుడు తాడు లేదా?"

"ఉండింది." నన్ను ఎగాదిగా చూశాడు. "నీకెందుకు? కొత్త రంపాలమ్మేటోడివా ఏంది?"

నేను రాచర్ల దగ్గర దిగేటప్పుడు అతని బొటనవేలు ఆ ముడి మీదే ఉంది. విప్పుతున్నాడో, ఇంకా బిగిస్తున్నాడో నాకు ఇప్పటికీ అనుమానమే. మీ రంపానికీ అలాంటి తాడుంటే, ఇంజను స్టార్ట్ చేయకముందే తెంచెయ్యండి.